ఈ పాట కోరినవారు

1921 ఆగస్టులో బొంబాయి గవర్నర్ సర్ జార్జ్ లాయిడ్‌కు ఒక సరదా పుట్టింది. తాను పుణెలో కూర్చుని, బొంబాయిలో జరిగే కచేరీ వినాలి. టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికవాళ్లూ తంతి తపాలా శాఖవాళ్లూ కలిసి, పత్రిక భవనం నుంచే ఆ సంగీతాన్ని వైర్‌లెస్ మీద పంపించారు. మన దేశంలో రేడియో కథ ఇక్కడ మొదలైందని చెప్పేవాళ్లున్నారు. అదే నిజమైతే ఈ దేశపు తొలి శ్రోత, పాట కోరి మరీ వేయించుకున్న శ్రోత అన్నమాట.

ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నది ఛత్తీస్‌గఢ్ రేడియో అభిమానులు. ఏటా ఆగస్టు 20న వాళ్లు శ్రోతల దినోత్సవం చేసుకుంటారు. కళాకారులకు, కవులకు, ఇంజినీర్లకు రోజులుండగా వినేవాళ్లకు మాత్రం ఎందుకుండకూడదని వాళ్ల ప్రశ్న. అడగదగ్గ ప్రశ్నే.

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వైపు రైలెక్కితే దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో తిల్దా-నేవరా స్టేషన్ వస్తుంది. చుట్టూ వరి పొలాలు, ఊళ్లో రైస్ మిల్లులు. ఇంకాస్త ముందుకు పోతే భాటాపారా. బయటివాళ్లకు ఈ ఊళ్లతో పనుండదు. కానీ హిందీ రేడియో వింటూ పెరిగినవాళ్లకు భాటాపారా, రాజ్‌నాంద్‌గావ్ చెవికి బాగా అలవాటైన పేర్లు. ‘ఈ పాట కోరినవారు’ అనగానే వచ్చే చాంతాడంత జాబితాలో అవి తరచూ వినిపించేవి. జార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా అయితే సరేసరి. అభ్రకం గనుల మధ్య ఉన్న ఆ చిన్న ఊరు నిజంగా ఉందా, రేడియోవాళ్లే కల్పించారా అని జనం అనుమానపడేటంతగా అక్కడి నుంచి ఉత్తరాలు వెళ్లాయి.

ఈ ఊళ్లలోనే ఎందుకు? కొంత జవాబు చరిత్రలో, కొంత ఆకాశంలో ఉంది.

1952 నుంచి 1962 దాకా కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి చోటు కుదించారు. జనం ఊరుకుంటారా? సిలోన్ రేడియో పెట్టుకున్నారు. యుద్ధకాలంలో మౌంట్‌బాటెన్ సేనల కోసం కొలంబోలో ఏర్పడిన రేడియో వ్యవస్థ, యుద్ధం ముగిశాక సిలోన్ చేతికి వచ్చింది. అక్కడి హిందీ విభాగంలో 1952 డిసెంబర్ 3న అమీన్ సయానీ గొంతుతో ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. ఓ యాభై ఉత్తరాలొస్తే గొప్ప అనుకున్న కార్యక్రమానికి తొలి విడతకే 9,000 వచ్చిపడ్డాయి. ఏడాది తిరిగేసరికి వారానికి 65,000. తెలుగువాళ్లకు అదే సిలోన్ నుంచి మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు ఉండేది. కొలంబోలో కూర్చుని ఆవిడ మన పాటలు వేస్తుంటే ఇటు కోస్తా అంతా చెవులు రిక్కించేది.

కొలంబో నుంచి తిల్దా దాదాపు 1600 కిలోమీటర్లు. నేలను పట్టుకుని పాకే రేడియో తరంగం షార్ట్‌వేవ్‌లో వంద కిలోమీటర్లు దాటకముందే నీరసించిపోతుంది. మరి పాట ఎలా చేరింది? పైకి వెళ్లి దిగింది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పైవాతావరణంలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా విద్యుదావేశం నిండిన పొరలన్నీ కలిపి అయనోస్ఫియర్. 1902లో కెనెలీ, హెవిసైడ్ వేర్వేరుగా ఊహించిన ఈ పొరల్ని 1924లో ఎడ్వర్డ్ యాపిల్టన్ ప్రయోగంతో నిరూపించి, 1947లో నోబెల్ అందుకున్నాడు. కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర వీటి మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. పైవాతావరణం మీద ఆయన రాసిన గ్రంథాన్ని ప్రపంచమంతా చదివింది.

పాతవాళ్లు చెప్పే ‘25 మీటర్లు, 41 మీటర్లు’ తరంగదైర్ఘ్యాలు. 300ని మీటర్లతో భాగిస్తే మెగాహెర్ట్జ్ వస్తుంది. 25 మీటర్లంటే 12 మెగాహెర్ట్జ్, 41 అంటే ఏడుంబావు. ఈ శ్రేణి తరంగాలు కింది పొరల్ని చీల్చుకుపోయి 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో ఉండే ‘ఎఫ్’ పొరలో వంగి, తిరిగి నేల మీదికి దిగుతాయి. ఒక్క గెంతులో రెండు మూడు వేల కిలోమీటర్లు దాటగలవు. పైగా ఏటవాలుగా వెళ్లిన తరంగమే వంగుతుంది కాబట్టి కొంత దూరం వరకు అసలు దిగదు. కేంద్రానికి కాస్త ఎడంగా ఉన్నవాడికి వినపడనిది ఎక్కడో మధ్యభారతంలో వరిచేను గట్టున ట్రాన్సిస్టర్ పెట్టుకున్నవాడికి వినిపించేది అందుకే. పాట మధ్యలో దగ్గరికొచ్చి దూరమైపోతున్నట్టు ఊగేది కదా, అది ట్రాన్సిస్టర్ తప్పు కాదు. వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకదానికొకటి తోడైనప్పుడు గొంతు పెరిగేది, ఎదురైనప్పుడు తగ్గేది.

మీడియం వేవ్‌ది ఇంకో తీరు. పగటిపూట 60–90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే ‘డి’ పొర దాన్ని మింగేస్తుంది. చీకటి పడితే ఆ పొర కరిగిపోతుంది, దూరపు కేంద్రాలు మేలుకుంటాయి. ఇది ఈ రైలు దారి మీద బతికే తెలుగువాళ్లకు పనికొచ్చిన విజ్ఞానం. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్ కాలనీల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. 1931లో పార్వతీపురం–రాయపూర్ లైను పూర్తయ్యాక విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రావడం మరింత తేలికైంది. తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చింది. పగలంతా హిందీలో పనిచేసి ఇల్లు చేరాక, రాత్రిపూట మీటను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పితే విజయవాడో విశాఖో లీలగా అందగలిగేది. మాతృభాష సూర్యాస్తమయం తర్వాత దొరికేదన్నమాట.

ఆకాశం ఎవరికైనా పాటను అందిస్తుంది. మరి విన్నవాడు ‘నేను వింటున్నాను’ అని కార్డు రాయడం దేనికి? ఎనభయ్యో దశకంలో పోస్టుకార్డు 15 పైసలు. కొందరు పదులూ వందలూ రాశారు. ఆ పాట ఎలాగూ ఎవరో ఒకరు కోరతారు, ఎలాగూ వేస్తారు. కార్డు రాయకపోయినా చెవిలో పడుతుంది. కేవలం వినడమే కావాలంటే ఇదంతా శుద్ధ దండగ. అంటే వాళ్లకు కావలసింది వినడం ఒక్కటే కాదు.

హార్వర్డ్‌లో డయానా తమీర్, జేసన్ మిచెల్ 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. మనుషుల ముందు రెండు ప్రశ్నలు పెడతారు. ఒకటి తన ఇష్టాయిష్టాల గురించి, ఇంకొకటి వేరొకరి గురించి. దేనికి జవాబు చెబితే ఎంత డబ్బొస్తుందో ముందే చెబుతారు. తన గురించి చెప్పుకోవడం కోసం జనం రాబడిలో సగటున 17 శాతం దాకా వదులుకున్నారు. ఆ సమయంలో మెదడులో తిండికీ డబ్బుకూ స్పందించే భాగాలే వెలిగాయి. తమ జవాబు పక్కవాళ్లకు చేరుతుందని తెలిసినప్పుడు ఇంకా ఎక్కువగా వెలిగాయి. 15 పైసల లెక్క ఇక్కడ కాస్త తేలుతుంది.

తన గురించి చెప్పుకోవడానికి పాటే ఎందుకంటే, పాట చాలా చెబుతుంది కాబట్టి. రెంట్‌ఫ్రో, గోస్లింగ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూసిందేమిటంటే, ముక్కూమొహం తెలియని కుర్రకారును ఆరు వారాల పాటు మాట్లాడుకుని పరిచయం పెంచుకోమంటే పుస్తకాలు, సినిమాలు, ఆటలు, బట్టలు అన్నింటికంటే ఎక్కువగా సంగీతం గురించే మాట్లాడుకున్నారు. అదే పరిశోధనలో ఒక మనిషికి నచ్చిన పది పాటలు మాత్రమే విని, అతణ్ని ఎన్నడూ చూడనివాళ్లు స్వభావం అంచనా వేశారు. కొత్తదనం పట్ల ఆసక్తి వంటి కొన్ని గుణాల్ని బాగానే పట్టేశారు. మొహం చూసి చెప్పలేనివి కూడా.

ఒకరి ఇష్టం బయటికి వినపడగానే అది పక్కవాడి ఇష్టాన్ని కదుపుతుంది. ఎంతగా కదుపుతుందో కొలిచిన ప్రయోగం ఒకటుంది. నా లెక్కలో సంగీతం మీద జరిగిన ప్రయోగాల్లో ఇంత తెలివైనది మరొకటి లేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ కలిసి చేశారు, 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఎవరికీ తెలియని బృందాలు పాడిన 48 పాటలు తీసుకున్నారు. 14,341 మంది వచ్చి విన్నారు, నచ్చినవి దించుకున్నారు. కొందరికి పాట పేరు, బృందం పేరు తప్ప ఏమీ కనపడవు. మిగతావాళ్లను ఎనిమిది లోకాలుగా విడగొట్టారు. ఏ లోకంలోనివాళ్లకు ఆ లోకంలో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో కనపడుతుంది. పక్కలోకం సంగతి తెలియదు. అన్ని లోకాలూ సున్నా నుంచే మొదలు.

గొప్పతనం పాటలోనే ఉంటే ఎనిమిది లోకాల్లోనూ అదే పాట గెలవాలి. గెలవలేదు. ఎవరి ప్రభావమూ లేనివాళ్లు 26వ స్థానంలో పెట్టిన పాట ఒక లోకంలో మొదటి స్థానానికి ఎక్కింది, మరో లోకంలో నలభయ్యోదిగా మిగిలింది. లెక్కలు కనిపించే లోకాల్లో పైనున్న పాటలు మరీ పైకి, కిందివి మరీ కిందికి పోయాయి. కొత్త ఊళ్లో దిగినవాడు జనం కిక్కిరిసిన టిఫిన్ సెంటర్‌లోకే దూరతాడు, వాడు దూరడంతో అక్కడ ఇంకొకడు పెరుగుతాడు. ఇదీ అంతే. మరీ మంచి పాటలు పూర్తిగా మునగలేదు, మరీ నాసివి నెగ్గలేదు. మధ్యలో ఉన్న బోలెడు పాటల రాత మాత్రం మొదట్లో ఎవరు ఏది దించుకున్నారన్న దాన్ని బట్టి తిరిగిపోయింది.

సల్గానిక్, వాట్స్ అక్కడితో ఊరుకోలేదు. 2008లో ఇంకో ప్రయోగం ప్రచురించారు. ఈసారి లెక్కల్ని తలకిందులు చేసి చూపించారు. ఆఖరి పాటకు మొదటి స్థానం, మొదటిదానికి ఆఖరి స్థానం అంటగట్టారు. అబద్ధం చాలా పాటలకు పనిచేసింది. అన్నింటికంటే మంచివైన కొన్ని మాత్రం మెల్లమెల్లగా పైకి పాకాయి. అయితే మొత్తం మీద జనం పాటలు దించుకోవడమే తగ్గిపోయింది. పక్కవాళ్లు మెచ్చారన్నవి వింటే బాగాలేవు, దాంతో ఆసక్తే చచ్చింది.

ఇప్పుడు బినాకా గీత్‌మాలా వైపు చూడండి. పాటలకు మెట్లు కట్టేటప్పుడు రికార్డుల అమ్మకాలతో పాటు ఊరూరా ఉన్న శ్రోతల సంఘాల అభిప్రాయాలు కూడా లెక్కలోకి తీసుకునేవారు. మెట్టెక్కిన పాటను వారం వారం దేశమంతా వింటుంది, విన్నది కొంటుంది, కొన్నది మళ్లీ మెట్టెక్కుతుంది. ఇది ఎనిమిది లోకాలు కాదు, ఒకే లోకం. వేరే లోకంలో ఏ పాట నెగ్గేదో చూసే వీల్లేదు. అమర గీతాలని మనం తలకెత్తుకునేవాటిలో కొన్ని, తొలి వారాల్లో ఏ శ్రోతల సంఘానికో కార్డులు రాసే తీరిక ఉండడం వల్లే అమరమయ్యాయేమో. ఇలా అంటే అభిమానులు కొట్టడానికొస్తారని తెలుసు.

ఇక ‘ఎందుకు’ అన్న ప్రశ్న. ఈ పాట ఎందుకిష్టం? అడిగితే అందరూ జవాబు చెబుతారు. రాగమనో, సాహిత్యమనో, గొంతనో. ఆ జవాబులు ఎంత నమ్మదగ్గవి? 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతి విల్సన్ ఒక దుకాణంలో నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి ఏది బాగుందని అడిగారు. కుడిచివరి జతను ఎక్కువమంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత బాగుందన్నారు, పనితనం బాగుందన్నారు. నాలుగూ అచ్చంగా ఒకటే. కుడివైపు ఉన్నందుకు నచ్చిందని ఒక్కరూ అనలేదు, అడిగినా ఒప్పుకోలేదు. 1991లో విల్సన్, స్కూలర్ పండ్ల జామ్‌లతో ఇంకో సంగతి చూపించారు. రుచి చూసి మార్కులేసినవాళ్ల తీర్పు నిపుణుల తీర్పుకు దగ్గరగా ఉంది. కారణాలు రాసి మరీ మార్కులేసినవాళ్ల తీర్పు దూరం జరిగింది. మాటల్లో పెట్టడానికి తేలికైన కారణం దొరికేసరికి అసలు రుచి పక్కకు పోయింది.

పాట విషయంలో అసలు కారణం ఎంత లోపల ఉంటుందో మాంట్రియల్‌లో వలోరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం 2011లో చూపించింది. ఒళ్లు గగుర్పొడిచే పాటను ఎవరికివారు తెచ్చుకున్నారు. మెదడును స్కాన్ చేస్తే రెండు చోట్ల డోపమీన్ విడుదలైంది. గగుర్పాటు వచ్చిన క్షణంలో ఒకచోట, రాబోతోందని తెలిసిన ముందు సెకన్లలో మరోచోట. చరణం ముగిసి పల్లవి అందుకోబోయే ముందు మనం లోపల కాచుకుని ఉంటామే, ఆ కాచుకోవడానికే ఒక సుఖం ఉంది. ఏం రాబోతోందో తెలియాలంటే ఆ తరహా పాటలు ముందే చాలా విని ఉండాలి. తిల్దాలో పెరిగినవాడి మెదడు ఛత్తీస్‌గఢీ పాట మలుపుకు కాచుకుంటుంది, తెనాలిలో పెరిగినవాడిది మరో మలుపుకు. ‘రాగం బాగుంది’ అన్న మాటలో ఇవేవీ వినపడవు.

అయితే అందరూ ఒకే మలుపుకు కట్టుబడి ఉంటారనుకోనక్కర్లేదు. ఆకాశవాణి రాయపూర్ కేంద్రం 1963 అక్టోబర్ 2న మొదలైంది. రెండేళ్లకు, 1965లో, తొలి ఛత్తీస్‌గఢీ సినిమా ‘కహి దేబే సందేశ్’ వచ్చింది. తీసినది రాయపూర్ జిల్లా కుర్రా గ్రామంలో పుట్టిన మను నాయక్. కులాలు దాటిన ప్రేమ కథ, దాంతో గొడవలూ అయ్యాయి. మహమ్మద్ రఫీ ఛత్తీస్‌గఢీలో పాడాడు. ఆ పాటలు రాసిన కవి డాక్టర్ హనుమంత్ నాయుడు. పేరు చివర నాయుడు చూసి తెలుగు పాఠకుడి కన్ను ఒక్క క్షణం ఆగుతుంది. పొలాల్లోని ఛత్తీస్‌గఢీ నుడికారాన్ని అంత దగ్గరగా విన్న మనిషి ఆయన.

మళ్లీ పోస్టుకార్డుకు వస్తే, నేను ఆగిపోయేది ఎక్కడంటే, అందులో ‘ఎందుకు’ ఉండదు. పాట, సినిమా పేరు, ఆపైన పేర్లు. తనది, భార్యది, పిల్లలది, బావమరిదిది, మిల్లులో తోటి పనివాడిది, కొత్తగా పుట్టిన మేనకోడలిది. సినీ ప్రముఖులతో ఆకాశవాణి చేయించిన ప్రత్యేక జనరంజనిలోనూ, సైనికుల కోసం వివిధ భారతి వేసే విశేష జయమాలలోనూ కారణాలు నిండుగా ఉండేవి. ఆ పాట పుట్టిన సందర్భం, సంగీత దర్శకుడి గొప్పతనం, అన్నీ. సామాన్య శ్రోతకు ఆ జాగా లేదు. వాడు పేర్లు ఇచ్చాడు. పరిశోధనల వెలుగులో చూస్తే ప్రముఖుల కారణాల కంటే ఆ పేర్లే సరైన జవాబుకు దగ్గరగా ఉన్నాయనిపిస్తుంది. కాలిఫోర్నియాలో పీటర్ జనాటా 2009లో పాత పాటలు వినిపిస్తూ మెదడును గమనించాడు. సొంత జ్ఞాపకంతో ముడిపడిన పాట వచ్చినప్పుడు నుదుటి వెనక భాగంలో ఒకచోట కదలిక పెరిగింది. మన గురించీ మనవాళ్ల గురించీ తలుచుకునేటప్పుడు పనిచేసే చోటే అది.

ఇప్పటి ఫోన్లలోని పాటల యాప్‌లకు మనం ఏది ఎన్నిసార్లు విన్నామో, ఎన్నో సెకనులో దాటేశామో తెలుసు. 2016 నుంచి స్పాటిఫై ఏడాది చివర ఆ లెక్కంతా రంగుల కార్డుగా చేతికిస్తోంది. జనం దాన్ని స్టేటస్‌లో పెట్టుకుంటారు. కార్డు అదే, పంపే ఆత్రమూ అదే, మేనకోడలి పేరు మాత్రం రాయలేం. వివిధ భారతి వేసే ‘హలో ఫర్మాయిష్’ ఈ పనిలో ఇంకా ముందుంది. ఫోన్ చేసినవాడు ఊరి పేరు చెబుతాడు, ఏం చేస్తుంటాడో చెబుతాడు, ఆ తర్వాతే పాట.

కరోల్ క్రుమ్‌హాన్స్‌ల్ 2013లో ప్రచురించిన పరిశోధనతో ఆపుతాను. ఇరవై ఏళ్ల కాలేజీ పిల్లలకు 1955 నుంచి 2009 దాకా ఏటా అందరి నోళ్లలో నానిన పాటల ముక్కలు వినిపించారు. తమ యవ్వనపు పాటలు బాగా గుర్తుండడం వింత కాదు. తాము పుట్టకముందు, తల్లిదండ్రులు ఇరవైల్లో ఉన్నప్పటి పాటల దగ్గర కూడా గుర్తింపూ ఇష్టమూ పెరిగాయి. అరవైల పాటల దగ్గర మరో చిన్న మిట్ట కనిపించింది, బహుశా అది తాతలూ అమ్మమ్మల వాటా. ఆ లెక్కన రాయపూర్ రైల్వే కాలనీలో హిందీ చదువుతూ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ, తెలుగు చదవడం రాని పిల్లవాడికి ఘంటసాల పాట ఎందుకిష్టమో అడిగి లాభం లేదు. అది ఎవరు పెట్టుకునేవారని అడగాలి.